విడదీసి సంచిలో పెట్టుకునే సర్వైవల్ రైఫిల్: అపోహలు - వాస్తవాలు

తుపాకులు బాగుచేయడం నా వృత్తి. ఆపదలో పనికొస్తాయని దగ్గర ఉంచుకునే సర్వైవల్ రైఫిళ్లు, అందులోనూ విడదీసి సంచిలో సర్దుకునే చిన్న రకం, అంటే టేక్‌డౌన్ రైఫిళ్లు, నా బల్ల మీదకు తరచూ వస్తుంటాయి. వాటిలో చాలావాటికి అసలు ఏ లోపమూ ఉండదు. ఎవరో చెప్పిన మాట నమ్మి తప్పుగా వాడటమో, తమ అవసరానికి సరిపడని రకం కొనడమో జరిగి ఉంటుంది. ఈ తుపాకీ ప్రాణం రెండు చోట్ల ఉంది. ఒకటి, బ్యారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) వచ్చి రిసీవర్‌తో (తుపాకీ యంత్రాంగం ఉండే మధ్య భాగం) కలిసే అతుకు. రెండోది, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) పైఅంచు, తూటాను పట్టి ఉంచే ఆ సన్నటి రేకు పెదవులు. కొనేటప్పుడు చూడాల్సినవీ, కొన్నాక కాపాడుకోవాల్సినవీ ముందుగా ఇవే.

అపోహ: ఎంత చిన్నగా సర్దుకుంటే అంత మంచి రైఫిల్.

చిన్నదనానికి ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాల్సిందే. ఇప్పుడు హెన్రీ కంపెనీ తయారుచేస్తున్న ఏఆర్-7 నే తీసుకోండి. బ్యారెల్, రిసీవర్, మ్యాగజైన్లు అన్నీ భుజానికి ఆనించే స్టాక్ లోపలే దూరిపోతాయి. అలా సర్దాక పొడవు పదహారున్నర అంగుళాలు, బరువు దాదాపు 1.6 కిలోలు. సంచిలో ఇంతకంటే సుఖంగా ఇమిడేది దొరకడం కష్టం. కానీ అన్నిటినీ తనలో దాచుకోవాలి కాబట్టి స్టాక్ లావుగా ఉంటుంది. బ్యారెల్ కింద పట్టుకోవడానికి ముందు భాగం అంటూ ఏమీ ఉండదు. దాంతో చాలామంది ఎడమ చేత్తో మ్యాగజైన్‌నే పిడికిట పడతారు. ఆ ఒత్తిడికి మ్యాగజైన్ కాస్త వంగి తూటా సరిగ్గా ఎక్కదు, తుపాకీ పాడైందని నా దగ్గరికి తెస్తారు. చెయ్యి ఇంకాస్త ముందుకు జరిపి రిసీవర్ కింద ఆనించమంటాను, అంతే. చాలాసార్లు మరమ్మతు అక్కడితోనే అయిపోతుంది.

రుగర్ 10/22 టేక్‌డౌన్ 2012లో వచ్చింది. ఇది ఒకదానిలో ఒకటి దూరే రకం కాదు, రెండు ముక్కలుగా సంచిలో పక్కపక్కన పడుకుంటుంది. బరువు రెండు కిలోల పైమాటే. అయితే అమర్చాక మామూలు రైఫిల్‌లాగే భుజానికి, చేతికి కుదురుతుంది. నెలకోసారైనా రేంజ్‌కి వెళ్లి సాధన చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. పడవలోనో, చిన్న విమానంలోనో ఏళ్ల తరబడి ఒక మూల పడి ఉండాల్సిన తుపాకీ అయితే మాత్రం ఏఆర్-7 తరహా నయం.

కొనేముందు ఖాళీ రైఫిల్‌ను కళ్లు మూసుకుని అమర్చి చూడండి, తర్వాత చేతికి మందపాటి గ్లవుజు తొడుక్కుని ఇంకోసారి. అమర్చాక ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. టిక్కుమని ఏ కాస్త కదలిక తగిలినా సర్దుబాటు చేయండి, ఆ తర్వాత కూడా అది పోకపోతే ఆ రైఫిల్ వదిలేయండి.

అపోహ: ఏఆర్-7 అమెరికా వైమానిక దళం పైలట్లకు ఇచ్చిన తుపాకీ.

అమ్మేవాళ్లు కూడా ఈ మాట అంటుంటారు. వైమానిక దళం 1956లో ఎంఏ-1 పేరుతో ఆమోదించింది ఏఆర్-5ని. అది .22 హార్నెట్ తూటా వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే తూటాను వెనక నుంచి మూసే బోల్ట్ అనే ఇనుప ముక్కను ప్రతిసారీ చేత్తో లాగాల్సిన రకం. అంతకు ముందే ఎం4, ఎం6 సర్వైవల్ తుపాకులు దళం దగ్గర ఉన్నాయి. ఎం6కి మామూలు ట్రిగ్గర్ ఉండదు, మందపాటి చేతి తొడుగులతో కూడా నొక్కగలిగేలా పొడవాటి పట్టీ ఉంటుంది. ఏఆర్-5లోని స్టాక్‌లో దాచే పద్ధతినే తీసుకుని తుపాకుల రూపకర్త యూజీన్ స్టోనర్ చిన్న .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటాకి (ఇక నుంచి .22 అంటే ఇదే), పౌరుల మార్కెట్ కోసం చేసిందే ఏఆర్-7. అది సెమీ ఆటోమేటిక్, అంటే ఒకటి పేలాక తర్వాతి తూటా తానే ఎక్కుతుంది. అది బజారులోకి వచ్చింది 1959లో. ఈ తేడా తెలుసుకోవడం చరిత్ర కోసమే కాదు. సైన్యం వాడిందంటే మొరటుగా వాడినా తట్టుకుంటుందని జనం అనుకుంటారు, అలా అనుకునే బ్యారెల్‌ని రిసీవర్‌కి బిగించే నట్టుకు పటకారు వేస్తారు.

అపోహ: విడదీసి మళ్లీ అమరిస్తే గురి తప్పి తీరుతుంది.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. గురి చూసే సైట్లు ఎక్కడ ఉన్నాయన్నది ముందు చూడండి. 10/22 టేక్‌డౌన్‌తో వచ్చే ఇనుప సైట్లు ముందుదీ వెనకదీ రెండూ బ్యారెల్ మీదే ఉంటాయి. బ్యారెల్‌ని ఎన్నిసార్లు తీసి పెట్టినా వాటి మధ్య సంబంధం మారదు. స్కోప్‌ని రిసీవర్ మీద బిగించారనుకోండి, అప్పుడు స్కోప్ ఒక ముక్క మీద, బ్యారెల్ ఇంకో ముక్క మీద. అమర్చిన ప్రతిసారీ అవి ఒకే తీరున కలవాలి. ఏఆర్-7లో వెనక సైట్ రిసీవర్ మీద, ముందు సైట్ బ్యారెల్ మీద ఉంటాయి కాబట్టి దానికీ ఇదే చిక్కు.

మంచి స్థితిలో ఉన్న అతుకు ఆశ్చర్యపోయేంత నిలకడగా తిరిగి కూర్చుంటుంది. కూర్చోకపోతే కారణం దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటే, మురికి లేదా వదులు. బ్యారెల్ మొదట్లో, రిసీవర్‌ని ఆనుకునే ముఖం మీద కాలిన పొడి, తూటా మీది మైనపు పూత కలిసి నల్లటి పొరలా పేరుకుంటుంది. గోటితో గీస్తే వస్తుంది. ఆ పొర ఒక వైపు మందంగా ఉంటే బ్యారెల్ ఆ మేరకు ఒరుగుతుంది. అమర్చే ముందు ఆ రెండు ముఖాలనూ పొడి గుడ్డతో తుడవడం పది సెకన్ల పని.

వదులు సంగతి. 10/22లో బ్యారెల్ చుట్టూ గరుకు అంచున్న రింగు ఒకటి ఉంటుంది. మొదటిసారి అమర్చినప్పుడు దానితో బిగువు సరిచేసుకోవాలి, వాడకంలో అరిగి వదులైతే మళ్లీ సరిచేసుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆ రింగును ముట్టుకోని వాళ్లున్నారు. ఏఆర్-7లో బ్యారెల్ మీది చిన్న పలుకు రిసీవర్‌లోని గాడిలో కూర్చున్నాక నట్టును చేత్తో బిగిస్తారు. కాలుస్తుంటే ఆ నట్టు మెల్లమెల్లగా వదులవుతుంది. ఒకాయన తన రైఫిల్ మొదటి అయిదు తూటాలు బొటనవేలి గోరంత చోట పడతాయని, తర్వాతవి ఎటెటో పోతాయని చెప్పారు. ఆయన ముందే నట్టు మీద చెయ్యి వేశాను, ఏ బలమూ పెట్టకుండానే పావు చుట్టు తిరిగింది. ప్రతి మ్యాగజైన్ తర్వాత ఒకసారి చేత్తో చూసుకోమన్నాను. పటకారు మాత్రం వద్దు. ఏఆర్-7 రిసీవర్ అల్యూమినియంది, దాని మర ఒకసారి పాడైతే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

అపోహ: .22 తూటా ఏదైనా ఒకటే.

సెమీ ఆటోమేటిక్‌లో బోల్ట్ వెనక్కి వెళ్లడానికి తూటా తన్నుడే శక్తి. సౌండ్ తక్కువ వచ్చే మెల్లని తూటాలకు ఆ తన్నుడు చాలదు, బోల్ట్ సగంలో ఆగి జామ్ అవుతుంది. ఏఆర్-7కి 40 గ్రెయిన్ల (దాదాపు 2.6 గ్రాముల), గుండ్రటి ముక్కున్న, రాగి పూత వేసిన హై వెలాసిటీ తూటాలు కొనండి. ముక్కు చదునుగా ఉన్న మెత్తటి సీసం తూటాలు చాంబర్ (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గూడు) అంచుకి తట్టుకుంటాయి. అదే పనిగా జామ్ అవుతుంటే మ్యాగజైన్ పెదవులు వెలుతురులో పెట్టి చూడండి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి వంగి కనిపిస్తే దోషం అక్కడుంది. కొత్త మ్యాగజైన్ తెచ్చి పాతదానితో పోల్చుకోండి. మ్యాగజైన్లు ఎప్పుడూ రెండు మూడు అదనంగా ఉంచుకోండి, కింద పడినదాన్ని అనుమానించండి.

ఎంత మంచి కంపెనీదైనా .22 తూటా ఒక్కోసారి పేలదు. మంట పుట్టించే మందు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది, పిన్ తగిలిన చోట అది పలచగా ఉంటే అంతే. తుపాకీ మూతిని క్షేమమైన వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తీయండి. చప్పుడు బలహీనంగా వస్తే వెంటనే ఆపేయండి, తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇక్కడ విడదీసే రైఫిల్ నిజంగా మేలు చేస్తుంది. ఖాళీ చేసి బ్యారెల్ తీసి వెలుతురు వైపు పెట్టి చూస్తే తేలిపోతుంది.

అపోహ: .22 అంటే పిట్టల తుపాకీ, పెద్ద ప్రమాదం లేదు.

ఈ తూటా ఒకటిన్నర మైళ్లు, అంటే రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు. తూటాల పెట్టెల మీదే ఆ హెచ్చరిక ఉంటుంది. గురి వెనక మట్టి గట్టు లేకుండా కాల్చకండి. నీటి మీదా, రాతి మీదా అసలే వద్దు, తూటా ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: బాగా నూనె పట్టించి పెట్టెలో పెడితే ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు.

నా దగ్గరికి వచ్చే తుప్పు పట్టిన రైఫిళ్లలో ఎక్కువభాగం చాలా శ్రద్ధగా దాచినవే. స్పాంజి పరిచిన పెట్టె తేమను పీల్చుకుని వదలదు. మొన్న ఒక బ్యారెల్ చూశాను, స్పాంజి తగిలిన మేర ఒక పక్కంతా గోధుమరంగు చుక్కలు, తగలని పక్క అద్దంలా ఉంది. ఆ పెట్టె ప్రయాణానికి మాత్రమే. ఇంట్లో తాళం వేసిన బీరువాలో, గాలి ఆడేలా, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.

నూనె ఎక్కువైతే ఇంకో చిక్కు, మురికిని పట్టి జిగురులా చేస్తుంది, చలికి చిక్కబడి బోల్ట్‌ని నెమ్మదింపజేస్తుంది. గుడ్డకు రెండు చుక్కలు వేసి తుడిస్తే చాలు. తూటాలకు నూనె తగలనివ్వకండి. స్టాక్‌లో దాచే రకం నీళ్లలో పడితే తేలుతుందని నమ్మి అలాగే వదిలేయకండి, మూత తీసి లోపలి భాగాలన్నీ ఆరబెట్టాకే మళ్లీ సర్దండి.

బ్యారెల్ లోపల మాత్రం అతిగా రుద్దకండి. .22కి సీసం, మైనం మెత్తనివి, మామూలు వాడకంలో బోర్‌ని, అంటే బ్యారెల్ లోపలి రంధ్రాన్ని, అవి పెద్దగా పాడుచేయవు. మూతి వైపు నుంచి ఇనుప రాడ్ దూర్చడం వల్ల అంచు అరిగి గురి చెడుతుంది. బ్యారెల్ విడిగా చేతికి వస్తోంది కదా, చాంబర్ వైపు నుంచే శుభ్రం చేయండి. మీ శ్రమంతా చాంబర్, బోల్ట్ ముఖం, ఖాళీ గుల్లను బయటికి లాగే కొక్కెం మీద పెట్టండి. అక్కడి మురికే జామ్‌లకు మూలం.

అపోహ: తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఏమీ కాదు.

రైఫిల్‌ని బట్టి ఉంటుంది. 10/22కి పర్వాలేదు. చాలా .22 రైఫిళ్లలో మాత్రం పిన్ వెళ్లి చాంబర్ అంచుకి కొట్టుకుని గాటు పెడుతుంది. మీ మాన్యువల్ చూడండి.

అపోహ: విడదీసి ఉంటే చట్టం దృష్టిలో అది తుపాకీ కాదు.

లైసెన్స్, ప్రయాణం, భద్రపరచడం, వీటి నియమాలు ముక్కలుగా ఉన్నంత మాత్రాన తప్పిపోవు. అమెరికాలో రిసీవర్ ఒక్కటే ఉన్నా అది తుపాకీయే. అక్కడ మామూలు రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు, ఏఆర్-7 బ్యారెల్ దానికి కాస్త పైన ఆగడానికి కారణం అదే. మీరున్న చోటి నియమం కొనకముందే తెలుసుకోండి.

అపోహ: ఇది ఉంటే అడవిలో ఆకలి బాధ లేదు.

దారి తప్పినవాడికి ముందు కావాల్సింది నీడ, నీరు, నిప్పు. కుందేలు మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, అదొక్కటే తింటూ పోతే కడుపు నిండినా మనిషి నీరసిస్తాడు. వేటకు అనుమతి ఉన్న చోట చిన్న జంతువుకి ఈ తుపాకీ సరిపోతుంది. ఎలుగుబంటిని ఆపడానికి మాత్రం దీన్ని నమ్ముకోకండి.

అపోహ: బోల్ట్ లాగాను, తూటా బయట పడింది, ఇక ఖాళీయే.

ఒక కుర్రాడు నా ఎదుటే ఇలా చేశాడు. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ లాగాడు. లోపలున్న తూటా కింద పడింది, దాని వెనకే మ్యాగజైన్ నుంచి ఇంకోటి చాంబర్‌లోకి వెళ్లింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుని బ్యారెల్ విప్పడానికి చెయ్యి మూతి దగ్గరికి తెచ్చాడు. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. మ్యాగజైన్ ముందు, బోల్ట్ తర్వాత. బోల్ట్‌ని వెనకే నిలిపి చాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. వేలికి చల్లటి ఖాళీ రంధ్రం తగిలాకే బ్యారెల్ మీద చెయ్యి వేయండి.