యూ దర్విష్‌ని జపాన్ వాడిని చేసిన చట్టం

జపాన్ బేస్‌బాల్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు అనుకోండి) యూ దర్విష్ గురించి ఎవరు రాసినా అతని స్లైడర్‌తో (పక్కకి తిరిగే బంతి) మొదలుపెడతారు, నన్నడిగితే మాత్రం జపాన్ పౌరసత్వ చట్టంతో మొదలుపెట్టాలి. నాన్నది ఇరాన్, అమ్మది జపాన్, ఇద్దరూ కలిసింది ఫ్లోరిడాలో ఒక కాలేజీలో. 1986 ఆగస్టులో ఒసాకా ప్రాంతంలో పిల్లాడు పుట్టాడు. అదే ఒక రెండేళ్లు ముందు పుట్టి ఉంటే పుట్టుకతో జపాన్ పౌరుడు అయ్యేవాడే కాదు, ఎందుకంటే 1984 చివరిదాకా అక్కడ పెళ్లైన జంటకి పుట్టిన పిల్లలకి పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. ఒకినావాలో అమెరికన్ సైనికులకీ స్థానిక స్త్రీలకీ పుట్టిన పిల్లలు కొందరు ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయారు. ఒకపక్క ఆ గొడవ, ఇంకోపక్క స్త్రీలపై వివక్ష పోవాలనే ఐక్యరాజ్యసమితి ఒప్పందం, మొత్తానికి చట్టం మారింది. 1985 జనవరి నుంచి తల్లి వైపు నుంచి కూడా పౌరసత్వం వస్తోంది.

అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలంటే విక్టర్ స్టార్ఫిన్‌ని చూడాలి. రష్యాలో పుట్టి, విప్లవం తర్వాత పారిపోయి వచ్చిన కుటుంబంతో హొక్కైడోలో పెరిగాడు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 300 విజయాలు అందుకున్న మొదటి పిచర్ అతనే. 1940లో బలవంతంగా జపాన్ పేరు తగిలించారు, పౌరసత్వం మాత్రం చనిపోయేదాకా ఇవ్వలేదు!

దర్విష్ ఆడింది కూడా ఆ హొక్కైడో జట్టు నిప్పన్ హామ్ ఫైటర్స్‌కే. 2007 నుంచి 2011 దాకా వరసగా ఐదు సీజన్లు తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, అలాంటివాడిని అమెరికా వదులుతుందా? అతనితో బేరం కుదుర్చుకునే హక్కు కోసమే అమెరికా జట్టు టెక్సస్ రేంజర్స్, ఫైటర్స్‌కి 5.17 కోట్ల డాలర్లు కట్టింది. 2013లో 277 స్ట్రైకవుట్లతో (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) అమెరికన్ లీగ్‌లో, అంటే అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఒకదాంట్లో, అందరికంటే ముందున్నాడు.

ఇక 2017 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్. దర్విష్ బంతిని హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టిన ప్రత్యర్థి ఆటగాడు యూలీ గురియెల్ డగౌట్‌లో కూర్చుని కళ్లు పక్కలకి లాగి ఆసియా వాళ్ల రూపాన్ని వెక్కిరించాడు. సస్పెన్షన్ ఐదు మ్యాచ్‌లు, అదీ మరుసటి సీజన్‌లో, ఆ సిరీస్ మాత్రం హాయిగా ఆడేశాడు. నాకైతే ఇది శిక్షలా అనిపించలేదు. దర్విష్ మాత్రం ఎవరూ పర్‌ఫెక్ట్ కాదు, కోపం పెంచుకునే బదులు నేర్చుకుందాం అన్నాడు.

2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌కి (దేశాల జట్లు ఆడే టోర్నీ) జపాన్ జట్టులో అమెరికాలో ఆడేవాళ్లలో మియజాకి శిక్షణ క్యాంప్‌కి మొదటి రోజే వచ్చింది 36 ఏళ్ల దర్విషే. ఆ జట్టులోనే కాలిఫోర్నియాలో పుట్టిన లార్స్ నూట్‌బార్ కూడా ఉన్నాడు, అమ్మ జపాన్ ఆవిడ కాబట్టి టోర్నీ రూల్స్ ఒప్పుకున్నాయి. జపాన్ కప్పు గెలిచింది.

రెండు పౌరసత్వాలు మాత్రం జపాన్ చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు, పెద్దయ్యాక ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. ఆ గడువు ఇదివరకు 22 ఏళ్లు, 2022లో 20కి దించారు.