పాత సోల్ రికార్డు కొనేముందు

1960ల నాటి అమెరికన్ సోల్ సంగీతపు ఎల్పీలు (ఒక్కో వైపు ఐదారు పాటలు పట్టే పెద్ద రికార్డులు) మంచి కండిషన్‌లో దొరకడం చాలా కష్టం. అదే కాలపు జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డులు నిగనిగలాడుతూ ఎన్నో కనిపిస్తాయి. సోల్ రికార్డులు తక్కువ అచ్చయ్యాయా అంటే, అదీ కాదు. లక్షల్లో అమ్ముడైనవి ఉన్నాయి. తేడా అంతా వాటిని విన్న తీరులో ఉంది. నల్లజాతి చర్చిల్లోని గాస్పెల్ గానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి పుట్టిన ఈ సంగీతాన్ని జనం డాన్సు చేస్తూ విన్నారు. నచ్చిన పాట దగ్గర ముల్లును మళ్ళీ మళ్ళీ వెనక్కి పెట్టి విన్నారు. ఒకదాని మీద ఒకటి ఐదారు రికార్డులు పేర్చితే వాటంతటవే పడే ఆటోమేటిక్ ప్లేయర్ల మీద విన్నారు. ఎంత ఇష్టపడ్డారో అంతగా అరగదీశారు. అందుకే సోల్ రికార్డుకు విలువ కట్టేటప్పుడు అట్ట, లేబుల్, అరుదైన ముద్రణ అన్నవి తర్వాత చూసుకోవచ్చు, ముందు గాడిని చూడాలని నా గట్టి నమ్మకం.

ఎల్పీకి ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. బయటి అంచు నుంచి లోపలికి చుట్లు తిరుగుతూ పోతుంది. నిమిషానికి 33⅓ చుట్ల చొప్పున 22 నిమిషాల సంగీతానికి 730కి పైగా చుట్లు కావాలి. అవన్నీ సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల మేర సర్దుకోవాలి కాబట్టి ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ దూరం మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. గాడి అడ్డుకోత ఆంగ్లంలోని వి అక్షరంలా ఉంటుంది. రెండు స్పీకర్లకు రెండు వేర్వేరు శబ్దాలు (చానెళ్ళు) పంపే స్టీరియో రికార్డులో ఎడమ చానెల్ శబ్దం లోపలి గోడ మీద, కుడి చానెల్ శబ్దం బయటి గోడ మీద చెక్కి ఉంటాయి. గాయకుడి గొంతులోని ప్రతి వణుకూ ఆ గోడల మీద మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) కొలతలో వంకరలుగా మారుతుంది.

ఆ గోడల మీద ముల్లు మోపే బరువు ఈనాటి మంచి ప్లేయర్లలో సుమారు రెండు గ్రాములు. ఇదేం బరువు అనిపించవచ్చు. కానీ ముల్లు మొన గోడను తాకే చోటు కొద్ది మైక్రాన్లే కనుక అక్కడ పడే ఒత్తిడి వాతావరణ పీడనానికి వేల రెట్లు ఉంటుంది. మంచి ముల్లయితే రికార్డు చేసిన ప్లాస్టిక్, అంటే వినైల్, ఒక క్షణం అణిగి మళ్ళీ లేస్తుంది. ఆ రోజుల్లో సామాన్యుల ఇళ్ళలో ఉన్న ప్లేయర్లలో సిరామిక్ కార్ట్రిడ్జిలు (ముల్లును పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఉండేవి, అవి ఐదు గ్రాములు, అంతకు మించి కూడా మోపేవి. పైగా ముల్లు అరిగిపోయినా ఎవరూ మార్చేవారు కాదు. అరిగిన మొన గుండ్రంగా ఉండదు. రెండు పక్కలా చదునై, ఆ చదును అంచులు ఉలిలా పదునెక్కుతాయి. గాడిలోని సన్నటి వంకరలను అవే ముందు గీకేస్తాయి. సన్నటి వంకరలంటే హెచ్చు పౌనఃపున్యాలు: గొంతులోని ‘స’, ‘ష’ ధ్వనులు, ట్రంపెట్ల మెరుపు, సింబల్ మోత. కాబట్టి అరిగిన సోల్ రికార్డులో బేస్ గిటారు చక్కగా వినిపిస్తూనే ఉంటుంది, పాడే మనిషి మాత్రం బొంగురుపోతాడు.

షాపులో రికార్డు చేతికి రాగానే ఒకే ఒక బల్బు కింద దాన్ని కొద్దిగా వంచి చూడండి. ట్యూబులైటు కింద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పాట బిగ్గరగా ఉన్న చోట గాడి నల్లగా మెరవకుండా బూడిద రంగు తిరిగి ఉంటే అది అరుగుదలకు గుర్తు. తర్వాత లేబుల్ మధ్యలోని రంధ్రం చుట్టూ చూడండి. రంధ్రం వైపు చూడకుండా రికార్డును ఇరుసుకు ఎక్కించినప్పుడల్లా కాగితం మీద ఒక సన్నటి గీత పడుతుంది. ఆ గీతలు దట్టంగా అల్లుకుని ఉంటే, పైన ఎంత నిగనిగలాడినా ఆ రికార్డు చాలాసార్లు తిరిగినదే.

గీతల లెక్క వేరు. గోటికి తగలని సన్న గీతలు చాలావరకు వినిపించవు. గోటికి తగిలిందంటే వినిపిస్తుంది, ఎంతసేపన్నది లెక్క కట్టవచ్చు. రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. అంచు నుంచి మధ్యకు ఒక సెంటీమీటరు పొడవున గీత పడితే అది 85 చుట్లను కోస్తుంది. అంటే 1.8 సెకన్లకోసారి ‘టిక్’ మంటూ రెండున్నర నిమిషాలు. అప్పట్లో ఒక సోల్ పాట నిడివి దాదాపు అంతే! ఆ లయ లేకుండా ఎక్కడపడితే అక్కడ చిటపటలాడితే అది దుమ్ము, కడిగితే పోవచ్చు. ఎడతెగని ‘స్‌స్’ శబ్దమైతే అరుగుదలో నాసిరకం వినైలో అనుకోవాలి, దానికి మందు లేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత వినైల్ ప్రియమై కంపెనీలు రికార్డులను పలచన చేశాయి, అమ్ముడుపోని వాటిని కరిగించి మళ్ళీ వాడాయి. అందుకే ఒక్కసారి కూడా వినని రికార్డు సైతం కొన్నిసార్లు గరగరమంటుంది.

ఎక్కడ విని చూడాలి అని అడిగితే ప్రతి వైపూ చివరి పాట దగ్గర అంటాను. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. పేజీ అడుగున చోటు చాలక అక్షరాలు ఇరికించి రాసినట్టు, అదే శబ్దం అక్కడ సగం కన్నా తక్కువ జాగాలో సర్దుకోవాలి. అరుగుదల ముందు బయటపడేది అక్కడే.

సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 1965లో చేసిన ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్ దీనికి మంచి ఉదాహరణ. మెంఫిస్‌లో పాత సినిమాహాలును స్టూడియోగా మార్చిన స్టాక్స్ సంస్థలో, ఆ ఏడాది జులైలో, దాదాపు ఒక పగలూ రాత్రిలో ఎక్కువ భాగం రికార్డయింది. నడుమ రాత్రిపూట వాద్యకారులు తమ కచేరీలకు వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చున్నారు. మొదటి వైపు చివరి పాట ‘ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’. మెల్లగా మొదలై, చివర్లో గొంతూ బాకాలూ కలిసి పైపైకి లేస్తాయి. ఆల్బమ్‌లోకెల్లా అంత తీవ్రమైన ఘట్టం గాడి బాగా ఇరుకైన చోట పడింది. నేనైతే ఆ రికార్డు ఎక్కడ కనిపించినా ముందు ఆ చివరి నిమిషం వింటాను. అక్కడ ఓటిస్ గొంతు చీలకుండా నిలబడితే మిగతాదంతా బాగున్నట్టే.

ఆ పాట విషయంలో ఇంకో విశేషం ఉంది. ఒకే చానెల్ ఉండే మోనో ఎల్పీలో అంతకుముందు సింగిల్‌గా (ఒక్కో వైపు ఒకే పాట ఉండే చిన్న రికార్డుగా) వచ్చిన రికార్డింగే ఉంటుంది. అది మోనోలోనే చేసినది కాబట్టి స్టీరియో ఎల్పీ కోసం పాటను మళ్ళీ పాడించారు. అంటే రెండు ఎల్పీలలో రెండు వేర్వేరు గానాలు! ఏది కొనాలన్నది అభిరుచిని బట్టి ఉంటుంది, నా ఓటు మాత్రం మోనోకే. అప్పటి సోల్ పాటలను ప్రధానంగా రేడియో కోసం, సింగిల్ కోసం మోనోలోనే తీర్చిదిద్దేవారు. మోనోతో మరో లాభమూ ఉంది. మోనో శబ్దం ముల్లును పక్కలకే కదుపుతుంది. దుమ్ము, చిన్న దెబ్బలు ముల్లును ఎక్కువగా పైకీ కిందికీ ఎగరేస్తాయి. యాంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కితే నిలువు కదలిక నుంచి వచ్చే శబ్దం రద్దయి, పక్కల కదలిక శబ్దమే మిగులుతుంది. చిటపట ఒక్కసారిగా తగ్గిపోవడం చెవికి తెలుస్తుంది. స్టీరియో ఎల్పీలకు ఆనాడు ఇంకో గండం కూడా ఉండేది: నిలువుగా కదలలేని పాత మోనో కార్ట్రిడ్జిల కింద పడి చాలా రికార్డుల గాడులు నలిగిపోయాయి.

ఇక అది ఏ ముద్రణో తేల్చుకోవాలి. లాకర్ అనే మెత్తటి పూత పూసిన పళ్ళెం మీద కోసిన గాడికి వెండి పూత పూసి, నికెల్‌తో అచ్చులు తీసి, చివరికి వచ్చిన స్టాంపర్‌తో రికార్డులు నొక్కుతారు. స్టాంపర్ కూడా అరుగుతుంది, కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు రికార్డుల తర్వాత మార్చాల్సిందే. పాటలు అయిపోయాక లేబుల్‌కు ముందు ఉండే ఖాళీ వలయంలో చెక్కిన అంకెలు ఆ వంశవృక్షాన్ని చెబుతాయి. త్రికోణం గుర్తు పక్కన అంకె ఉంటే లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ ఫ్యాక్టరీది. ఏఆర్‌పీ (అమెరికన్ రికార్డ్ ప్రెసింగ్) ముద్ర ఉంటే మిషిగన్ రాష్ట్రంలోని ఒవాసోలో తయారైనది. డెట్రాయిట్‌లో పుట్టిన సోల్ సంస్థ మోటౌన్ సింగిల్స్ ఎన్నో అక్కడే నొక్కారు, ఆ ఫ్యాక్టరీ 1972లో కాలిపోయింది. లేబుల్ అంచున ఉండే చిరునామా కూడా సాక్ష్యమే. అట్లాంటిక్ కంపెనీ రికార్డు మీద ‘1841 బ్రాడ్‌వే’ ఉంటే 1970ల నడిమికి ముందుది, ‘75 రాక్‌ఫెల్లర్ ప్లాజా’ ఉంటే ఆ తర్వాతది. ‘ఓటిస్ బ్లూ’ మొదట వచ్చింది స్టాక్స్ వారి వోల్ట్ లేబుల్ మీద, ఆట్కో లేబుల్‌తో కనిపించేవి తర్వాతి ముద్రణలు.

అట్టల్లోనూ తడిమి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అంధ గాయకుడు స్టీవీ వండర్ 1972 నాటి ‘టాకింగ్ బుక్’ తొలి అట్టల మీద బ్రెయిలీ చుక్కలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఐజాక్ హేయెస్ ‘బ్లాక్ మోజెస్’ అట్ట మడతలు విప్పితే పెద్ద శిలువ ఆకారం వస్తుంది, మడతల దగ్గర చిరగనిది దొరకడం కష్టం. రికార్డు స్థితికి తరగతి కట్టే గ్రేడింగ్‌లో వీజీ ప్లస్ (‘చాలా బాగుంది’కి ఒక మెట్టు పైన) అన్న రికార్డుకు నియర్ మింట్ (దాదాపు కొత్తది) ధరలో సగం కట్టడం సంప్రదాయం. కానీ చూపుతో ఇచ్చిన గ్రేడు గీతల గురించే చెబుతుంది, అరుగుదల గురించి చెప్పదు. విని గ్రేడు ఇచ్చారా, చూసి ఇచ్చారా అని అమ్మేవాళ్ళను తప్పకుండా అడగాలి. డెట్రాయిట్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. మోటౌన్ తొలి స్టూడియో నడిచిన ఇల్లు అక్కడి వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో మ్యూజియంగా ఉంది. ఆ ఊళ్ళోని పాత రికార్డు షాపుల్లో పెట్టె ముందు నిలబడేవాళ్ళకు ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

కొన్నాక నిలువుగానే పెట్టాలి. మెత్తటి పీవీసీ కవర్లు వాడకూడదు, వాటిలోని ప్లాస్టిసైజర్ చెమ్మలా ఊరి వినైల్ మీద పొగలాంటి మరక వదులుతుంది, అది మళ్ళీ పోదు. పాలిథిన్ కవర్లు మేలు. మన తీర ప్రాంతాల ఉక్కపోతలో గాడిలో బూజు పడుతుంది, డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలావరకు దాన్ని వదిలిస్తాయి. వినైల్ కడిగే ద్రావణాల్లో కాస్త ఆల్కహాల్ కలుపుతారు. తాతల నాటి 78 ఆర్‌పీఎం తెలుగు రికార్డుల మీద మాత్రం దాన్ని వాడొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే గాడే కరిగిపోతుంది.