లివరేజ్ ట్రేడింగ్: కొత్తవాళ్లు నమ్మే మాటలు, నిజంగా జరిగేవి

నేను బ్రోకరేజీ రిస్క్ విభాగంలో పనిచేస్తాను. లివరేజ్ అంటే అరువు తీసుకుని, సొంత డబ్బుకు మించిన విలువకు ట్రేడ్ చేయడం. అందుకు ఖాతాలో ఉండాల్సిన సొంత సొమ్మే మార్జిన్. అది సరిపోని ఖాతాల జాబితా చూడటం నా రోజువారీ పని. ఆ ఖాతాల వాళ్లతో, ముఖ్యంగా కొత్తగా ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లతో మాట్లాడితే వినిపించే నమ్మకాలు దాదాపు ఒకేలా ఉంటాయి.

అపోహ: "నా అంచనా కరెక్టయితే చాలు, లాభం దానంతటదే వస్తుంది."

అన్నింట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. లెక్క వేసి చూద్దాం. మీ సొంత డబ్బు 1,00,000. 10 రెట్ల లివరేజ్‌తో 10,00,000 విలువైన షేర్లు కొన్నారు. మిగతా 9,00,000 అరువు. పొజిషన్ (అంటే మీరు కొని ఉంచుకున్న షేర్ల) విలువలో కనీసం 5 శాతం మీ సొమ్ము ఉండాలన్నది బ్రోకర్ నిబంధన అనుకుందాం. ధర 5 శాతం పడితే మీ సొమ్ము 50,000కి దిగుతుంది. ఉండాల్సింది 47,500. ఇంకో కాస్త, అంటే మొత్తం 5.3 శాతం పడేసరికి మార్జిన్ చాలదు, పొజిషన్ స్క్వేర్ ఆఫ్ అయిపోతుంది, అంటే బ్రోకరే షేర్లు అమ్మేసి దాన్ని మూసేస్తాడు. చేతిలో మిగిలేది సుమారు 47,000.

మర్నాడు ధర కోలుకుని మీరు కొన్న రేటు కన్నా 3 శాతం పైకి వెళ్లిందనుకోండి. మీ అంచనా నిజమైంది, కానీ అప్పటికి మీ దగ్గర షేర్లే లేవు. అవే షేర్లు అరువు లేకుండా 1,00,000కి కొన్నవాళ్లు మధ్యలో 5,300 నష్టం చూసినా, చివరికి 3,000 లాభంలో ఉంటారు. అరువు తీసుకున్నాక ధర చివరికి ఎక్కడికి చేరిందో ఎంత ముఖ్యమో, మధ్యలో ఎంత కిందికి దిగిందో కూడా అంతే ముఖ్యం. కొత్తవాళ్లు ఈ రెండోది లెక్కలోకే తీసుకోరు.

అపోహ: "అనుభవం లేక పోగొట్టుకుంటారు. బాగా నేర్చుకుంటే ఏమీ కాదు."

లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ భాగస్వాముల్లో ఇద్దరికి, రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్‌లకు, 1997లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1998 మొదట్లో ఆ ఫండ్ దగ్గర సొంత మూలధనానికి 25 రెట్లకు పైగా ఆస్తులున్నాయి. ఆగస్టులో రష్యా అప్పులు తీర్చడం ఆపేశాక మార్కెట్లు వాళ్ల పొజిషన్లకు ఎదురు తిరిగాయి. సెప్టెంబరుకల్లా 14 ఆర్థిక సంస్థలు కలిసి 360 కోట్ల డాలర్లు పెట్టి ఆదుకోవాల్సి వచ్చింది. ఆ సంస్థలు తొందరపడకుండా పొజిషన్లు వదిలించుకుని, తమ డబ్బు తాము వెనక్కి తీసుకున్నాయి. ఆగగలిగే స్తోమత వాళ్లకుంది, ఫండ్‌కి లేదు.

అపోహ: "స్టాప్ లాస్ పెట్టాను, ఇంక టెన్షన్ లేదు."

స్టాప్ లాస్ అంటే ధర ఫలానా చోటికి పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్. అది పెట్టడం మంచిదే, మానొద్దు. కాకపోతే అది ధరకు గ్యారంటీ కాదు. మామూలు స్టాప్ లాస్ ట్రిగ్గర్ అయ్యాక మార్కెట్ ఆర్డర్‌గా మారుతుంది, అప్పుడు ఏ ధరకు అవతలివాళ్లు ఉంటే ఆ ధరకే అమ్ముడవుతుంది. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరో విలువ 1.20 ఫ్రాంకుల కిందికి పోకుండా మూడేళ్లకు పైగా కాపాడిన హద్దును చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కన్నా కిందికి పడిపోయింది. 1.19 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆ ధర దరిదాపుల్లో కూడా ఆర్డర్ పూర్తి కాలేదు. కొందరి ఖాతాలు సున్నా దాటి మైనస్‌లోకి వెళ్లాయి.

అపోహ: "పోతే పెట్టిన డబ్బే కదా పోయేది!"

ఆప్షన్ (ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) కొన్నవాళ్ల విషయంలో ఇది నిజం. ఆప్షన్ అమ్మినవాళ్లకు, ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు) తీసుకున్నవాళ్లకు కాదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు మే ఫ్యూచర్స్ బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ఇంతకన్నా ఏం పడుతుందిలే అని 5 డాలర్ల దగ్గర కొన్నవాళ్లకు బ్యారెల్‌కు 42.63 డాలర్ల నష్టం. ఒక్క కాంట్రాక్టుకు 1,000 బ్యారెళ్లు. కొన్ని దేశాల్లో, కొన్ని రకాల ఖాతాలకు మైనస్‌లోకి పోకుండా రక్షణ ఉంది. మీ ఖాతాకు ఉందో లేదో ఆర్డర్ పెట్టక ముందే కనుక్కోండి.

అపోహ: "ఛార్జీలు ఎంతని, 0.1 శాతమేగా."

అది మొత్తం పొజిషన్ మీద. 10,00,000 మీద 0.1 శాతమంటే 1,000, అంటే మీ సొంత డబ్బులో 1 శాతం. ఇలా 20 ట్రేడ్లు చేస్తే, లాభనష్టాల మాట పక్కన పెట్టినా, ఛార్జీలకే 20 శాతం పోతుంది. పొజిషన్ మర్నాటికి ఉంచుకుంటే చాలా చోట్ల వడ్డీ అదనం.

అపోహ: "రిస్కే ఉంటే బ్రోకర్ ఇంత లివరేజ్ ఎందుకిస్తాడు?"

బ్రోకర్ చూసుకునేది తన అప్పు భద్రంగా తిరిగొస్తుందా అన్నది. మీ పెట్టుబడి నిలుస్తుందా అన్నది ఆ లెక్కలో ఉండదు. నియంత్రణ సంస్థలు ఊరికే ఆంక్షలు పెట్టలేదు. సీఎఫ్‌డీల్లో (షేరు లాంటిది కొనకుండా దాని ధర మార్పు మీద మాత్రమే కుదుర్చుకునే ఒప్పందాల్లో) చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని చూశాకే యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో లివరేజ్‌కు పరిమితులు పెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ అధ్యయనంలో తేలింది.

అపోహ: "మార్జిన్ కాల్ వస్తే అప్పుడు డబ్బు వేస్తాలే."

మార్జిన్ కాల్ అంటే తగ్గిన మార్జిన్‌ను పూడ్చమని బ్రోకర్ పంపే కబురు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. చాలా ఒప్పందాల్లో మీకు కబురు చెప్పకుండానే, గడువు ఇవ్వకుండానే అమ్మేసే హక్కు బ్రోకర్‌కు ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు దానికి మీరే ఒప్పుకొని ఉంటారు. మార్కెట్ వేగంగా పడుతున్నప్పుడు మీరు పంపిన డబ్బు ఖాతాలో కనబడే లోపే పొజిషన్ పోవచ్చు. అది సకాలంలో చేరినా, ఇంటి ఖర్చుల కోసం దాచింది కూడా అదే నష్టంలోకి వెళ్తుంది. కాల్ వస్తే ఇంకా డబ్బు వేసే ముందు పొజిషన్‌లో సగమైనా మీరే అమ్మేయండి. ఏది అమ్మాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది అప్పటికింకా మీ చేతిలోనే ఉంటుంది.