వెనక కాళ్లు లేని కుర్చీ

ఆఫీసుల్లో విజిటర్స్ కోసం వేసే కుర్చీలు చూసే ఉంటారు, వెనక కాళ్లే ఉండవు, ఒకటే స్టీల్ పైపు నేల మీద పాకి ముందువైపు పైకి లేచి సీటు కిందనుంచి వెనక్కి వెళ్లి వీపు దాకా పోతుంది. కూర్చుంటే వెనక్కి పడతామేమో అనిపిస్తుంది గానీ పడం, ఎందుకంటే మన బరువు దిగేది నేల మీదున్న ఆ పైపుల మధ్యలోనే. సీటు మాత్రం ఇంటి గోడకున్న సజ్జ లాంటిది, ఒక వైపే పట్టు, రెండో వైపు గాల్లో. దీన్నే కాంటిలీవర్ అంటారు.

1926లో మార్ట్ స్టామ్ అనే డచ్ ఆర్కిటెక్ట్ గ్యాస్ పైపు ముక్కల్ని ఎల్బోలతో బిగించి మొదటిది తయారుచేశాడు. 1927లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వైసెన్‌హోఫ్ అనే ఇళ్ల ఎగ్జిబిషన్‌లో పెట్టిన ఆయన కుర్చీ బిగుసుకుని ఉండేది, ఊగేది కాదు. అక్కడే మీస్ వాన్ డెర్ రోహె అనే జర్మన్ ఆర్కిటెక్ట్ పెట్టిన కుర్చీకి ముందు కాలు పెద్ద అర్ధచంద్రంలా వంగి ఉంటుంది, ఆ పొడవాటి వంపు వల్ల అది స్ప్రింగులా పనిచేసింది. నాకు నిజమైన ఆవిష్కరణ ఇదే అనిపిస్తుంది, మెత్తటి దిండు లేకుండానే మెత్తదనం.

మరి ఎందుకు విరగదు? 70 కిలోల మనిషి కూర్చుంటే ఒక్కో పక్క పైపుకి 35 కిలోలు, ముందు కాలికి పాతిక సెంటీమీటర్లు వెనక బరువు పడుతుందనుకోండి. 25 మి.మీ. పైపు, 2 మి.మీ. మందం అయితే లెక్క కడితే స్టీల్ మీద ఒత్తిడి సుమారు 110 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) వస్తుంది, మామూలు ఎంఎస్ (మైల్డ్) స్టీల్ శాశ్వతంగా వంగాలంటే దాదాపు 250 కావాలి, అందుకే లేవగానే మళ్లీ తన స్థానానికి వచ్చేస్తుంది. పైపు బోలుగా ఉండటంలోనే ఉంది అసలు కిటుకు. అంతే బరువు స్టీల్‌ని గట్టి కడ్డీగా చేస్తే 13.5 మి.మీ. లావే వస్తుంది, వంపుని ఆపడంలో పైపు దానికంటే దాదాపు ఆరు రెట్లు మెరుగు, ఎందుకంటే వంగేటప్పుడు పనిచేసేది అంచుల్లో ఉన్న లోహమే, మధ్యలోది దాదాపు ఊరికే ఉంటుంది.

కానీ స్టీల్ పైపుకి ఒక ఇబ్బంది, ఒత్తిడి ఎక్కువున్న చోటా తక్కువున్న చోటా మందం ఒకటే. కాన్‌స్టాంటిన్ గ్రిచిచ్ డిజైన్ చేసిన మైటో కుర్చీ ఇదే ఆకారాన్ని ప్లాస్టిక్‌లో తెచ్చింది, బీఏఎస్ఎఫ్ అనే కెమికల్ కంపెనీ వాళ్ల అల్ట్రాడ్యూర్ అనే ప్లాస్టిక్‌తో, అది కరిగినప్పుడు చాలా పల్చగా పారుతుంది కాబట్టి అచ్చులో ఒకే పోతతో లావు చట్రం, పల్చటి జల్లెడ లాంటి సీటు రెండూ వచ్చేస్తాయి. బలం కావాల్సిన చోటే మెటీరియల్, ఇది నాకు చాలా నచ్చింది.

మీ దగ్గర పాత స్టీల్ కుర్చీ ఉంటే మాత్రం ముందు కాళ్ల పై వంపు, కింద వంపు చూడండి. ముందు కాలు పొడవునా ఒత్తిడి దాదాపు ఒకటే గానీ, వంచినప్పుడు వంపు బయటివైపు గోడ సాగి పల్చబడుతుంది, ఇసుక దట్టించి జాగ్రత్తగా వంచకపోతే నలిగిపోతుంది కూడా. మనం కూర్చుని లేచిన ప్రతిసారీ అదే చోట సాగి ముడుచుకుంటుంది. అక్కడ సన్నటి గీత కనిపిస్తే ఇక కూర్చోకండి.