పాత కార్టూన్ కొత్తగా వస్తే: అపోహలు - వాస్తవాలు

నేను పదహారేళ్లుగా యానిమేటర్‌గా పనిచేస్తున్నాను. అందులో నాలుగేళ్లు ఒక పాత కార్టూన్ సిరీస్‌ని మళ్లీ తీసే పనిలోనే గడిచాయి. కొత్త ఎపిసోడ్ విడుదలైన రాత్రి మా టీమ్‌లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. చూసినవాళ్లు ఏమంటున్నారో ఒక్కొక్కటీ చదువుతూ కూర్చునేవాళ్లం. "ప్రాణం లేదు", "మా చిన్నతనాన్ని పాడుచేశారు" లాంటి మాటలు చదివితే మనసు చివుక్కుమనేది. కానీ చదవగా చదవగా ఒకటి అర్థమైంది. ప్రేక్షకులకి కలిగిన బాధ దాదాపు ప్రతిసారీ నిజమే. దానికి వాళ్లు అనుకునే కారణమే వేరు, అసలు కారణం వేరు.

అపోహ: పాతది చేత్తో గీశారు కాబట్టి బాగుంది. ఇప్పుడంతా కంప్యూటరే గీసేస్తోంది.

వాస్తవం: 1983లో మొదలైన హీ-మ్యాన్ సంగతి చూడండి. మొత్తం 130 ఎపిసోడ్లు, చేత్తో గీసినవే. ఖర్చు, టైమ్ కలిసిరావాలని ఫిల్మేషన్ స్టూడియో ఒకసారి గీసిన పరుగునీ, దూకడాన్నీ, కత్తి ఎత్తే సీన్‌నీ దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడింది. ఇప్పుడు వరసగా నాలుగు ఎపిసోడ్లు చూస్తే మీరే పట్టేస్తారు. ఇక ఈ రోజుల్లోనూ టీవీ కార్టూన్లలో పాత్రకి ప్రాణం పోసేది మనిషే. కొందరు కాగితం బదులు స్క్రీన్ మీద గీస్తారు. కొందరు తోలుబొమ్మకి కీళ్లు కట్టినట్టు ముక్కలుగా చేసిపెట్టిన బొమ్మని కదుపుతారు. ఆ బొమ్మని మేం రిగ్ అంటాం.

మరి తేడా ఎక్కడొస్తోంది? టైమింగ్‌లో. సెకనుకి 24 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే 24 చిత్రాలు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు సరిపోతాయి. అలా లెక్కేసినా 22 నిమిషాల ఎపిసోడ్‌కి దాదాపు 16 వేల బొమ్మలు కావాలి. టీవీ బడ్జెట్‌లో అన్ని గీయడం కుదరదు. అందుకే పాత యానిమేటర్లు పాత్రని ఒక పోజులో అలాగే ఆపేసేవాళ్లు. దీన్ని హోల్డ్ అంటాం. పిల్లి తలుపు తీసింది, ఎదురుగా కుక్క. పిల్లి కదలదు. 12 ఫ్రేములు, అంటే అర సెకను, అదే బొమ్మ. తర్వాత కనురెప్పలు ఒక్కసారి పడి లేస్తాయి. ఆ తర్వాతే పరుగు. మనకి నవ్వొచ్చేది పరుగు చూసి కాదు, ఆ అర సెకను చూసి.

రిగ్‌లో రెండు పోజులు పెడితే మధ్యలో ఉండాల్సినవి సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది. వాటిని అలాగే వదిలేశామా, చెయ్యి నీళ్లలో తేలుతున్నట్టు మెత్తగా జారిపోతుంది. ఎక్కడా ఆగదు, దేనికీ బరువుండదు. "ప్రాణం లేదు" అని మీరు అంటున్నది చాలాసార్లు దీన్నే. టైమ్ ఇస్తే యానిమేటర్ ఆ మధ్య ఫ్రేములన్నీ కూర్చుని సరిచేస్తాడు. ఇవ్వకపోతే చేయలేడు. అది షెడ్యూల్ చేసిన పాపం.

అపోహ: పాత్రల రూపం మార్చారంటే పాతదాన్ని అవమానించినట్టే.

వాస్తవం: 1987 నాటి డక్‌టేల్స్‌లో హ్యూయీ, డ్యూయీ, లూయీ అనే బాతు పిల్లలు ముగ్గురికీ రస్సీ టేలర్ ఒక్కరే గొంతు ఇచ్చారు. బట్టల రంగు చూస్తే తప్ప ఎవరు ఎవరో చెప్పలేం. 2017లో మళ్లీ తీసినప్పుడు ముగ్గురికీ ముగ్గురు నటుల్ని పెట్టారు. స్వభావాలు వేరు చేశారు, వేషం కూడా వేరు చేశారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ మాత్రం ముట్టుకోలేదు. పాతదాన్ని ప్రేమించినవాళ్లు చేసే మార్పు ఇలా ఉంటుంది. 2018 షీ-రా కొత్త రూపం బయటికి రాగానే పెద్ద గొడవే జరిగింది. ఒక్క ఎపిసోడ్ కూడా ఎవరూ చూడకముందే! ఆ సిరీస్ ఐదు సీజన్లు, 52 ఎపిసోడ్లు నడిచి 2020లో తన కథ పూర్తిచేసుకుంది. మార్పు ప్రతిసారీ కుదురుతుందని నేననను. పాత్రని మొత్తం నల్లరంగుతో నింపేసినా అది ఎవరో గుర్తుపట్టగలగాలి. ఆ ఆకారాన్ని చెడగొడితే మాత్రం మీ కోపం న్యాయమే.

అపోహ: గొంతులు మార్చడం ఎప్పుడూ నిర్లక్ష్యమే.

వాస్తవం: కాలం ఎవరి కోసమూ ఆగదు. పాత డక్‌టేల్స్‌లో స్క్రూజ్ అనే ముసలి బాతుకి గొంతు ఇచ్చిన అలన్ యంగ్ 2016లో కన్నుమూశారు. కొత్త సిరీస్‌లో ఆ పాత్ర డేవిడ్ టెన్నంట్ చేశారు. సామురాయ్ జాక్‌లో విలన్ ఆకూకి గొంతు ఇచ్చిన మాకో 2006లోనే పోయారు. అందుకే 2017 సీజన్‌లో గ్రెగ్ బాల్డ్విన్ మాట్లాడారు. అయితే 2016 పవర్‌పఫ్ గర్ల్స్ విషయంలో నేను ప్రేక్షకుల పక్షమే. పాత నటీమణులు ముగ్గురూ ఉండగానే వాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తెచ్చారు. యానిమేనియాక్స్ చూడండి. 1998లో ఆగిపోయి 2020లో తిరిగొచ్చినప్పుడు ముగ్గురు తోబుట్టువులకీ పాత గొంతులే. వినగానే 22 ఏళ్లు చెరిగిపోయాయి.

అపోహ: వేరే దేశంలో గీయించడం వల్లే పాడవుతున్నాయి.

వాస్తవం: అప్పుడూ అంతే. 1992 ఎక్స్-మెన్ గీసింది కొరియాలోని ఏకామ్ స్టూడియో. 2024లో వచ్చిన ఎక్స్-మెన్ '97 గీసింది కూడా కొరియావాళ్లే, స్టూడియో మిర్. పాత డక్‌టేల్స్‌లో ఎంతోమందికి నచ్చిన తొలి ఎపిసోడ్లు జపాన్‌లో తయారయ్యాయి.

అపోహ: ప్రేక్షకులు ఎంత మొత్తుకున్నా తీసేవాళ్లు పట్టించుకోరు.

వాస్తవం: 2014లో పాత సైలర్ మూన్‌ని సైలర్ మూన్ క్రిస్టల్ పేరుతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొహాలు ఒక్కో సీన్‌లో ఒక్కోలా ఉన్నాయని అభిమానులు గట్టిగానే అన్నారు. 2016లో మూడో సీజన్ వచ్చేసరికి దర్శకుడూ మారారు, పాత్రల డిజైనరూ మారారు. 2015లో డ్రాగన్ బాల్ సూపర్ ఐదో ఎపిసోడ్ బొమ్మల మీద విమర్శలు వెల్లువెత్తాయి. డిస్క్‌లో విడుదల చేసేటప్పుడు ఆ బొమ్మల్లో చాలావాటిని సరిచేశారు.

కాకపోతే, ఏది ఎక్కడ తప్పిందో చెబితేనే మా చేతుల్లో ఏదైనా ఉంటుంది. మా సిరీస్ మూడో ఎపిసోడ్ గురించి ఒక ప్రేక్షకురాలు ఇలా రాశారు: "తాత ఉత్తరం చదివి మడిచేటప్పుడు, చదవడం పూర్తికాకముందే మడిచేసినట్టుంది. పాత సిరీస్‌లో ఆయన ఒక్క క్షణం ఆగేవాడు." మేం ఆ సీన్ తీసి ఫ్రేములు లెక్కపెట్టాం. చివరి లైన్ దగ్గర కళ్లు నిలిచింది ఆరు ఫ్రేములే. ఎపిసోడ్ నిడివి తగ్గించమన్నప్పుడు నేనే కోసేశాను. ఏడో ఎపిసోడ్‌లో తాతకి మరో ఉత్తరం వస్తుంది. అక్కడ 20 ఫ్రేములు ఉంచాను. ఎడిటింగ్‌లో ఎవరు అడిగినా ఒక్కటి కూడా తగ్గించనివ్వలేదు.