బాల్కనీ స్టీలు పైనా, కిందా?

"ఎక్కువ స్టీలే వేయించిన సార్, ఇక భయం లేదు కదా?" హన్మకొండ అయినా, పరకాల అయినా, ఇల్లు కట్టుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ఇదే.

అపోహ: స్టీలు ఎంత ఎక్కువ వేస్తే అంత బలం.

వాస్తవం: స్టీలు ఎక్కడుందో ముందు చూడాలి. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. లాగుడుకు దాని బలం సుమారు పదో వంతే. రాయిదీ అదే గుణం. 1163లో కట్టిన మన వేయి స్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే, రాతి దూలాలను పొడుగ్గా వేస్తే అడుగున పగులుతాయి మరి.

రెండు పిల్లర్ల నడుమ బీము వంగితే మధ్యలో అడుగు సాగుతుంది, అక్కడ స్టీలు కింద కావాలి. బాల్కనీ, సజ్జ ఒక్క వైపే పట్టుకొని బయటికి ఉంటాయి కాబట్టి వాటికి పైభాగం సాగుతుంది. మెయిన్ రాడ్లు పైనే ఉండాలి. ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఇక్కడే జరుగుతోంది.

హన్మకొండలో ఒక రిటైర్డ్ టీచర్ గారు 8 ఎం.ఎం. రాడ్లు చెప్పిన చోట 10 ఎం.ఎం.వి వేయించారు. స్లాబ్ వేసే రోజు పైకెక్కి చూస్తే, తట్టలు మోసేవాళ్లు తొక్కి తొక్కి బాల్కనీ రాడ్లు రెండంగుళాలు దిగిపోయాయి. 5 అంగుళాల స్లాబులో అంత దిగితే బలం సగానికి పైగా పోతుంది. 8కి బదులు 10 వేస్తే స్టీలు మందం లెక్కన ఒకటిన్నర రెట్లు అవుతుంది, అయినా ఆ లోటు పూడదు.

మిగతావి: గోడకూ బీముకూ మధ్య వచ్చే సన్నటి గీతకు టెన్షన్ పడకండి, ఇటుక, కాంక్రీటు వేర్వేరుగా కదులుతాయి, అంతే. బాల్కనీ పైన గోడ వెంబడి పగులు వస్తే మాత్రం దాని మీద నిలబడకుండా ఇంజనీరును పిలవండి. పైపు కోసం పిల్లర్ చెక్కడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, పై అంతస్తుల బరువంతా దాని మీదుగానే పునాదిలోని ఫుటింగుకు దిగుతుంది.

ఆ రోజు మిక్సర్ ఆపించి, ముక్క రాడ్లు వంచి, రాడ్లు దిగకుండా కింద ఆనించే కుర్చీలు చేయించి, రాడ్లన్నీ పైకి లేపి కట్టించాం. అరగంట పట్టింది. టీచర్ గారి భార్య ఎండలో అక్కడే నిలబడి, తట్ట మోసే ప్రతి మనిషికీ చెప్పింది: "పలక మీదనే నడువు బిడ్డా, సలాక తొక్కకు."