అనుదిన బైబిలు పఠనం: మా పల్లెల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

దేవరకొండ, కల్వకుర్తి ప్రాంతాల మధ్య ఉన్న కొన్ని పల్లెల్లో చాలా ఏండ్లుగా సాయంత్రపు బైబిలు పఠన కూడికలు నడుపుతున్నాను. వచ్చేవారిలో కొందరు పొద్దున చదివిన భాగం గురించి తమకు తోచిన ఆలోచనను ఒక నోటు పుస్తకంలో రాసుకొని తెస్తారు. ఆ పుస్తకాలు చదువుతున్నప్పుడు పదే పదే ఎదురయ్యే పొరపాట్లనే ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. వీటిలో సగం నేను కూడా యౌవనంలో చేసినవే.

అపోహ: బైబిలు తెరవగానే కంటబడిన వచనమే ఈ రోజు దేవుడు నాకిచ్చిన మాట.

వాస్తవం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రాబోయే ఏడాదికి దేవుని మాటగా ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవడం మా సంఘాల్లోనూ ఉన్న అలవాటే. వాటిని పంచేది కూడా నేనే కనుక కార్డును తప్పు పట్టను. అయితే కార్డు మీద ఒక్క వాక్యానికే చోటుంటుంది. దాని ముందు వెనుక ఏముందో చూసుకోవలసిన పని తీసుకున్నవారిదే. ఎక్కువమంది చేతికి వచ్చేది యిర్మీయా 29:11. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న మాట చదివి, ఈ ఏడాది తన కష్టం తీరిపోతుందని ఎవరికైనా అనిపించడం సహజం.

ఒక ఏడాది ఆ కార్డు ఒక తల్లికి వచ్చింది. ఆమె కొడుకు, కోడలు ముంబయిలో భవన నిర్మాణ పనికి వెళ్లి ఉన్నారు. పాలమూరు వలస గురించి తెలిసినవారికి ఆ ఇంటి పరిస్థితిని విడమరచి చెప్పనక్కరలేదు. పిల్లలు ఈ ఏడే తిరిగి వస్తారని ఆమె నమ్మింది. మరుసటి వారం మేము ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదివాము. అది ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో యెరూషలేము నుంచి రాజైన యెకొన్యాతో పాటు బబులోనుకు చెరగా కొనిపోబడినవారికి, యెరూషలేములోనే ఉన్న యిర్మీయా దాన్ని రాసి పంపాడు. ఇండ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అందులో ఉంది. 11వ వచనానికి సరిగ్గా ముందున్న 10వ వచనం, తిరిగి రావడానికి 70 సంవత్సరాలు పడుతుందని చెబుతుంది. అంటే ఆ ఉత్తరాన్ని తమ చెవులతో విన్న పెద్దల్లో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే కన్నుమూశారన్నమాట. త్వరలోనే తిరిగి వెళ్తామని చెబుతున్న ప్రవక్తలను నమ్మవద్దని కూడా అదే ఉత్తరం హెచ్చరిస్తుంది.

సైన్యం చెరపట్టి తీసుకుపోవడమూ కూలి కోసం బస్సెక్కి పోవడమూ ఒకటి కావు. ఆ తేడాను చెరిపేయకూడదని ఆ రోజు నేను గట్టిగానే చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే అయ్యగారూ, నా కొడుకు ఉన్న ఊరి కోసం గూడ ప్రార్థన చెయ్యాలె గదా" అన్నది. కార్డు మీద లేని ఆ మాట ఆమెకు ఏడవ వచనంలో దొరికింది.

వచనాలను విడివిడిగా పట్టుకునే అలవాటుకు అంకెలు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దం నాటిది. కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలను పారిసుకు చెందిన ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ 1551లో చేర్చాడు. పౌలు రాసిన పత్రికను ఫిలిప్పీ సంఘం మనం ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని చదివినట్టు చదువుకొని ఉంటుంది. ఆ పత్రికలోని "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాటను పదవ తరగతి పిల్లలు పరీక్ష అట్ట మీద రాసుకుంటారు. చెరలో, బంధకాల్లో ఉన్న పౌలు, ఆకలితోనైనా సమృద్ధితోనైనా ఉండడం నేర్చుకున్నానని చెప్పిన వెంటనే రాసిన వాక్యమది. పరీక్ష తప్పిన పిల్లవాడికి కూడా అది పనికివస్తుందని ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: బైబిల్లోని వ్యవసాయపు మాటలు రైతులమైన మనకు వివరణ లేకుండానే అర్థమవుతాయి.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేవాణ్ణి. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో వ్యవసాయకుడు తొలకరి వర్షం కోసం, కడవరి వర్షం కోసం ఓపికతో కాచుకుంటాడని ఉంది. ఒకసారి నేను మృగశిర కార్తె గురించి చెప్పి, జూన్ వానను తొలకరిగాను, అక్టోబరు వానను కడవరిగాను వివరిస్తూ పోయాను. ఒక పెద్దాయన లేచి, "పత్తి పగిలినంక వాన రావాలని ఏ రైతు కోరుకుంటడు అయ్యగారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వెళ్లి చదివితే తెలిసింది. ఆ దేశంలో వేసవి అంతా వాన ఉండదు. ఎండకు గట్టిపడిన నేలను దున్నడానికి, యవలు, గోధుమలు విత్తడానికి పదును ఇచ్చే తొలకరి అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో, కోతకు ముందు గింజ పాలుపోసుకొని గట్టిపడేటప్పుడు వస్తుంది. వారి సాగును మన వానకాలం పంటతో కాక యాసంగితో పోల్చి చూడాలి. ఆ లెక్కన కడవరి వాన అంటే, అప్పటికే పెట్టుబడి, చాకిరీ అంతా పెట్టేసిన రైతు పచ్చని చేను ముందు నిలబడి, తన చేతిలో లేనిదాని కోసం ఎదురుచూడడం. యాకోబు ఓపిక అన్నది దాన్నే. ఆ పెద్దాయన అడగకపోతే నేను ఇప్పటికీ మృగశిర గురించే చెబుతూ ఉండేవాణ్ణి.

మన అనుభవానికి చోటే లేదని దీని అర్థం కాదు. రూతు గ్రంథంలోని పరిగె ఏరుకోవడం గురించి పట్నంలో ఒక పేజీ వివరణ కావాలి. వరి కోసిన మడిలో వెన్నులు ఏరి ఒడిలో వేసుకున్న మా అమ్మల తరానికి ఆ ఒక్క మాట చాలు. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయినవారి మధ్య కూర్చొని యోహాను సువార్త నాలుగవ అధ్యాయం చదివినప్పుడు, "ఈ బావి లోతైనది" అని సమరయ స్త్రీ అన్న మాట దగ్గర అందరూ ఆగిపోయారు. లోతుకు పోయిన కొద్దీ బోరులో ఏ నీళ్లు వచ్చాయో వారికి తెలుసు. ఆమె నీళ్ల కోసం రోజూ ఇంత దూరం రావలసిన అవసరం తప్పించమని యేసును అడగడాన్ని వారు అవివేకంగా చూడలేదు. వ్యాఖ్యానాలు చదివిన నేనే అంతకు ముందు అలా చూశాను.

అపోహ: గ్రాంథికంలో ఉన్నదే పవిత్రమైన బైబిలు, వాడుక భాషలో చదివితే మహిమ తగ్గుతుంది.

వాస్తవం: కొత్త నిబంధన ఆనాటి సామాన్యులు మాట్లాడుకున్న గ్రీకులో రాయబడింది. పాత అనువాదపు లయ నాకూ ఇష్టమే, కంఠస్థానికి అదే బాగుంటుంది. అర్థం కానప్పుడు వాడుక భాష అనువాదం పక్కన పెట్టుకోవడంలో దోషం లేదు.

అపోహ: ఏడాదిలో మొత్తం పూర్తి చేయకపోతే ధ్యానం లోపించినట్టే.

వాస్తవం: మన సంఘాల్లో వాడే 66 గ్రంథాల బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి, రోజుకు మూడు, నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతాయి. మంచి పనే. కానీ జనవరిలో మొదలుపెట్టిన చాలామంది లేవీయకాండములో ఆగిపోయి, ఆ సిగ్గుతో డిసెంబరు దాకా పుస్తకమే ముట్టరు. మొదటి కీర్తనలో "ధ్యానించు" అని అనువదించిన హెబ్రీ మాటకు లోగొంతుకతో పలుకుతూ ఉండడం అనే అర్థం ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, చదివిన వాక్యాన్నే మళ్లీ గొణుక్కునే ముసలమ్మలను మేము చిన్నప్పుడు చూసి నవ్వుకునేవాళ్లం. ఆ కీర్తనకారుడికి దగ్గరగా ఉన్నది వారే.

అపోహ: చదువు రానివారికి వ్యక్తిగత ధ్యానం సాధ్యం కాదు.

వాస్తవం: ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మూడవ వచనంలో చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు. నెహెమ్యా ఎనిమిదవ అధ్యాయంలోనూ ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చదువుతుంటే జనం నిలబడి విన్నారు. రష్యా నుంచి వచ్చిన మిషనరీలు అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 19వ శతాబ్దం చివర నల్లగొండలో పరిచర్య ప్రారంభించిన నాటి విశ్వాసుల్లో ఎక్కువమందికి అక్షరాలు రావు. పాటల ద్వారా, కంఠస్థం ద్వారా వాక్యం వారి ఇండ్లలోకి వెళ్లింది. ఇప్పుడు ఆ పని ఫోనులోని ఆడియో బైబిలు చేస్తున్నది.

అపోహ: ధ్యానం ఎప్పుడూ స్తోత్రంతోనే ముగియాలి.

వాస్తవం: నోటు పుస్తకాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. బోరు ఎండిపోయిన రోజు, బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రోజు రాసిన పేజీ కూడా చివరి వరుసకు వచ్చేసరికి "అయినా సంతోషమే" అని ముగుస్తుంది. నిజంగా సంతోషం ఉంటే మంచిదే. లేనప్పుడు రాయమని బైబిలు అడగదు. కీర్తనల్లో విలాపాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నమ్మికవైపు తిరుగుతాయి గానీ 88వ కీర్తన తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో అది ఆగిపోతుంది. అయినా అది మొదటి నుంచి చివరి దాకా దేవునితోనే మాట్లాడిన ప్రార్థన.

మా అన్న చనిపోయిన ఏడాది నా నోటు పుస్తకంలో వరుసగా పదకొండు రోజులు తేదీ, దాని కింద "కీర్తన 88" అని తప్ప మరేమీ లేదు. ఎవరైనా తన పుస్తకం చూపించడానికి సిగ్గుపడితే, నేను ముందుగా తెరిచి చూపించేది ఆ పేజీలనే.